సగం దగ్గర ఆగిన ముల్లు

ఎమిలీ టీచర్ కారు బయటికి తీసే పద్ధతి ఒకసారి చూసి తీరాలి. ముందు తాళంచెవి చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. తర్వాత కళ్లు తెరిచి, ఎనిమిదో తరగతి పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు పైకే అంటుంది: "బెల్టు. అద్దం. గేరు. హ్యాండ్‌బ్రేక్." ఒక్కో మాటకీ ఒక్కో పని. ఆ నాలుగూ అయ్యాక గానీ బండి అంగుళం కదలదు. పక్క సీటు నాది. "కండ్లు మూసుడు ఇప్పుడే కానియ్ అక్కా, రోడ్డు మీద మల్ల మూయకు" అని నేను ప్రతిసారీ అంటాను. ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వుతుంది.

సైనిక్‌పురిలో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీద ఎప్పుడూ ఒక గిన్నె ఉంటుంది. ఒకరోజు మా పచ్చిపులుసు అటు పోతుంది, మర్నాడు అదే గిన్నెలో వాళ్ల రొయ్యల ఇగురు ఇటు వస్తుంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం మా ఇద్దరి ఇళ్లలోనూ లేదు. మా ఆయన రాఘవేందర్‌కు ఆ గోడ మీద ఉన్న ధ్యాస నా మీద ఎన్నడూ లేదు.

ఎమిలీ అక్క వాళ్ల నాన్న అబ్రహాం గారిది బాపట్ల. రైల్వేలో గార్డు ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అక్క ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, ఇక్కడే ఒక మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది. ఆ జవాబుతో ఊరుకోనివాళ్లకు ఇంకో జవాబు ఉంది గానీ అది ఇక్కడ రాయకూడదు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో అందరూ బంగారమో స్థలమో కొంటే ఈవిడ చిన్న నీలం కారు కొని, యాభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పించినతను ఆమె పక్కన కూర్చుని దండాలు పెట్టుకునేవాడు. ఇప్పుడు మా వీధిలో ఆమె అంత నిదానంగా, అంత తప్పులేకుండా నడిపేవాళ్లు లేరు. ఎదురుగా ఎవడైనా రాంగ్ రూటులో వస్తే అద్దం దించి, "నీ పేరేంటి?" అని అడుగుతుంది. వాడు బెదిరిపోయి నిజంగానే పేరు చెప్తాడు.

కారు ఆమెదే గానీ వీధి మొత్తానికి చుట్టం. ఎవరికి కాలు బెణికినా, ఎవరికి రైలు అందుకోవాల్సి వచ్చినా తాళంచెవి గోడ దాటి వస్తుంది. దానికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే: "తీసుకెళ్లినప్పుడు పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూసుకోండి. తిరిగిచ్చేటప్పుడు అక్కడికి తెచ్చిపెట్టండి." గోడ మీద గిన్నె లాంటి లెక్కే. ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. ముల్లు సగానికి వచ్చిందంటే చాలు, బంకుకు వెళ్లి నింపించేస్తుంది. "సగం ఉండగానే నింపుకో, అడుగంటాక అడుక్కోకు" అని వాళ్ల నాన్న అనేవారట. నిలువ నీళ్లకైనా, బియ్యానికైనా, కారుకైనా ఆమెకు అదే సూత్రం.

ఈ వానాకాలం మొదట్లో అక్కకు విషజ్వరం వచ్చింది. రెండు వారాలపాటు మంచం దిగలేదు. నేను జావ కాచి గోడ మీద పెట్టడం మానేసి నేరుగా నోటికే అందించాను. తేరుకున్నాక మొదటి పని ఒక పెళ్లి. ఆమె దగ్గర చదువుకున్న పిల్ల పెళ్లి, సికింద్రాబాదులో వాళ్ల చర్చిలో. పెళ్లికూతురు లోపలికి నడిచి వచ్చేటప్పుడు ఆర్గాన్ వాయించాల్సింది టీచరే. ఆ పిల్ల ఐదో తరగతిలోనే మాట తీసుకుందట.

పట్టుచీరలు కట్టుకుని బయలుదేరాం. ప్రార్థన అయింది, బెల్టు, అద్దం, గేరు, హ్యాండ్‌బ్రేక్ అయ్యాయి. నేరేడ్‌మెట్ చౌరస్తా దగ్గరికి రాగానే బండి రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక ఆటోలు మా వంశాన్ని తలుచుకోవడం మొదలుపెట్టాయి.

"పెట్రోలు ఉందే! సగం ఉంది, చూడు సుకన్యా" అంది అక్క.

నేను చూశాను. ముల్లు ఉంది. మధ్యలోనే ఉంది. కాకపోతే ఆ పలక మీద ముళ్లు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి, నేను ఏది చూశానో దేవుడికే తెలియాలి.

అక్క తమ్ముడు శాంతికుమార్ యాప్రాల్‌లో ఉంటాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మనిషి మంచివాడు, కానీ ఏ పనైనా అది పుట్టకముందే పూర్తిచేసేయాలన్న తొందర. ఫోన్ చేసిన కాసేపటికి డబ్బాలో పెట్రోలు పట్టుకుని వచ్చాడు. పోశాడు. బండి బుద్ధిగా కదిలింది.

"అక్కా, ట్యాంకులో చుక్క లేదు."

"ఎలా ఉండదు రా? నేను నింపించాను. సగం ఉంది. ముల్లు చూపించింది కదా."

"ఎప్పుడు నింపించావు?"

"జ్వరం రాకముందు. అది సగానికొచ్చింది, పెళ్లయ్యాక మళ్లీ నింపిద్దామనుకున్నాను."

శాంతికుమార్ తల లోపలికి పెట్టి ముల్లు చూశాడు. సగం దగ్గర ఉంది. "ఇప్పుడు నేను పోసింది చూపిస్తోంది" అన్నాడు. ఆ డబ్బాడు పెట్రోలుకే సగం ట్యాంకు నిండితే దేశంలో ఇంకేం కావాలి! కానీ అతనికి ఆ ఆలోచన రాలేదు, నాకసలే రాదు. "సుకన్యక్కా, నువ్వు చూశావా? ఏ ముల్లు చూశావు?" అని నన్నడిగాడు.

"గాడున్న ముల్లే తమ్ముడూ."

నా సాక్ష్యం అలా గంగలో కలిసింది. అతను అక్క వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అక్కా, జ్వరానికి ముందు ఏం చేశావో నీకు సరిగ్గా గుర్తుందా?"

అరిచి అడిగి ఉంటే అక్క కూడా అరిచేది. మెల్లగా అడిగేసరికి తల తిప్పుకుని గేరు వేసింది. మేం చర్చికి చేరేసరికి పెళ్లికూతురు ఎవరి సెల్‌ఫోన్‌లోంచో వచ్చే పాట మీద నడిచి వెళ్లిపోయి, భోజనాల దగ్గర ఉంది. టీచర్ని చూసి "పర్లేదు మిస్" అంది. అలా అనకుండా అలిగి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక అక్క తాళంచెవి తీసి తమ్ముడి చేతిలో తనే పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందక్కా గిట్ల చేస్తవ్? ఒక్కపారి పెట్రోల్ అయిపోతే చావి ఇచ్చేస్తరా? మా ఆయన దినాం స్కూటర్ నూకుకుంటనే వస్తడు!" అని గయ్యిమన్నాను.

"నీకు తెలీదు సుకన్యా. అమ్మకి ఇలాగే మొదలైంది" అంది.

వాళ్లమ్మ ప్రేమమణి గారు. ఆవిడను నేను చివరి సంవత్సరాల్లో చూశాను. పాలు పోయించుకున్నానని ఒట్టేసి చెప్పేది, చూస్తే గిన్నె ఖాళీగా ఉండేది. తర్వాత తర్వాత కూతుర్నే మరిచిపోయి, "టీచరుగారూ, మా ఎమిలీ ఇంకా స్కూలు నుంచి రాలేదండీ, కాస్త చూస్తారా?" అని ఎమిలీనే అడిగేది. "వస్తుందమ్మా, దారిలో ఉంది" అని చెప్పి, అక్క వంటింట్లోకి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడేది. పాల గిన్నెకూ పెట్రోలు ట్యాంకుకూ మధ్య ఆమెకు తేడా కనబడలేదు. ఉందని తను ఒట్టేసి చెప్తోంది, చూస్తే ఖాళీ. తమ్ముడికీ అదే భయం. అందుకే మర్నాటికల్లా మతిమరుపు పరీక్ష చేసే డాక్టరు దగ్గర తేదీ తీసుకున్నాడు. అతన్ని తిట్టుకున్నాను గానీ, అతని కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

ఆ రోజు నుంచి పొద్దున్నే గోడ అవతల హాజరు పిలుపు మొదలైంది. ఎవరూ లేని వరండాలో కూర్చుని, ఎప్పుడో చదువు చెప్పిన ఒక పదో తరగతి పిల్లల పేర్లు వరుసగా చదువుకునేది. జ్ఞాపకం పోలేదని తనకు తాను పెట్టుకున్న పరీక్ష అది. గడగడా పోయేది పోయేది, "అనుపమ" దగ్గరకొచ్చి ఆగిపోయేది. అనుపమ తర్వాత ఎవరు? మళ్లీ మొదటినుంచి. మళ్లీ అనుపమ దగ్గర నిశ్శబ్దం. నేను ఇటువైపు బట్టలు ఆరేస్తూ, ఆ తర్వాతి పిల్ల ఎవరో గానీ కనబడితే జుట్టు పట్టుకుని లాక్కొచ్చి ఆమె ముందు నిలబెట్టాలనుకునేదాన్ని. గోడ మీద గిన్నె ఆ వారం అంతా అలాగే ఉంది. నేను పెట్టిన వంకాయ కూర పెట్టినట్టే ఎండిపోయింది.

శుక్రవారం సాయంత్రం వాళ్లింట్లో కాటేజ్ ప్రేయర్. వాళ్ల సంఘంవాళ్లు వంతులవారీగా ఒక్కో ఇంట్లో కూడతారు. నేను వెనక కుర్చీలో కూర్చుంటాను. పాటలు బాగుంటాయి, ఆ తర్వాత వచ్చే సమోసాలూ బాగుంటాయి. ప్రార్థన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తారు. ఆ రోజు సైలస్ లేచాడు. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది అతనే. మనిషి అమాయకుడు, గొంతు మాత్రం మైకు లేకుండా మౌలాలి దాకా వినబడుతుంది.

"ప్రభువుకు స్తోత్రం. చిన్న సాక్ష్యం. ఎమిలీ ఆంటీ జ్వరంతో ఉన్నప్పుడు నేను ఆంటీ కారులో పాటలవాళ్లందర్నీ తిప్పినాను. అల్వాల్ పోయినాం, మల్కాజ్‌గిరి పోయినాం, ఆసుపత్రిలో పాటలు పాడనీకి పోయినాం. తీస్కపోయినప్పుడు ముల్లు సగంలో ఉంది. అన్ని చోట్లకి తిరిగొచ్చినా ముల్లు సగంలోనే ఉంది. ఇంత సుత దిగలేదు. ఆ ట్యాంకులో దేవుడు ఏదో కార్యం చేసినాడు!"

అందరూ "ఆమెన్" అన్నారు. నా చేతిలో సమోసా మాత్రం నోటి దాకా వెళ్లకుండా ఆగిపోయింది.

దేవుడి శక్తి మీద నాకు అనుమానం లేదు. కానీ ఆయనకు పనేమీ లేక మా సైనిక్‌పురిలో పెట్రోలు పోస్తూ కూర్చుంటాడా? ఆమెన్ చల్లారకముందే ఇంటికి పరిగెత్తాను. మా ఆయన టీవీ ముందు కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, టీచరక్కకు జొరమొచ్చినప్పుడు నువ్వు సుత కారు తీస్కపోయినవ్ గదా?"

"యాప్రాల్ కెల్లి మా చెల్లెను మోకాళ్ల కసరత్తుకు తీస్కపోవద్దా? దినాం పోయినం."

"పెట్రోల్ పోయించినవా?"

మా ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ముల్లు ఏడున్నదో ఆడనే పెట్టి ఇచ్చిన. సగంల తీస్కున్న, సగంల ఇచ్చిన. ముల్లు దిగనే లేదు, ఇగ ఎందుకు పోయిస్తా? మస్తు బండి అది. పెట్రోలే తాగది. నన్ను బేఇమాన్ అనుకుంటున్నవా ఏంది?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరూ అక్క షరతును అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ముల్లు ఎక్కడుందో అక్కడే తెచ్చి పెట్టారు. జ్వరం నాటికి మిగిలిన సగం పెట్రోలూ యాప్రాల్, అల్వాల్, మల్కాజ్‌గిరి తాగేశాయి. ముల్లు మాత్రం సగం దగ్గర కదలకుండా కూర్చుని అందరికీ మంచివాడనిపించుకుంది. మతి పోయింది అక్కకు కాదు, ముల్లుకు.

నాకు సంతోషం పట్టలేదు. అదే పరుగున గోడ దగ్గరికొచ్చి, "అక్కా! నీకేం కాలే! ఇంజన్ల దొంగున్నడు!" అని అరిచాను. నేను చెప్పిందంతా విని ఆమె ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె నిదానంగా, "అనుకోవడం వేరు, చూడడం వేరు సుకన్యా. ముల్లు పాడైందని చూపించాలి కదా. లేకపోతే నన్ను ఊరడించడానికి చెప్పినట్టే ఉంటుంది" అంది. కానీ చాలా రోజుల తర్వాత ఆమె కళ్లలో సైన్సు టీచరు కనబడింది. ఆ రాత్రి గిన్నె కడిగి, అందులో రవ్వ కేసరి పెట్టి గోడ మీద ఉంచింది.

ఆదివారం చర్చి అయ్యాక శాంతికుమార్ తాళంచెవి పట్టుకుని వచ్చాడు. "సరే, చూద్దాం" అన్నాడు గానీ, గొంతులో నమ్మకం లేదు. బన్సీలాల్‌పేట్ నుంచి తిరుమల్ వచ్చాడు. బండ్లలో కరెంటు పని చేస్తాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో అంతకు రెండింతలుంది. తాళం తిప్పి, ముల్లు చూసి, పలక మీద రెండుసార్లు వేలితో కొట్టి అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

"మీటర్ బోర్డ్ పోయింది మేడం. పరేషాన్ గాకుండ్రి, మొత్తం మార్చేద్దాం."

"పోయిందని ఎలా తెలిసింది?" అంది అక్క.

"మస్తు బండ్లు చూసినం మేడం."

"ఈ బండి చూడలేదు కదా. ముల్లు తప్పు చెప్తోందంటే తప్పు ముల్లులో ఉండొచ్చు, మధ్య తీగలో ఉండొచ్చు, ట్యాంకులో పెట్రోలు కొలిచేదాంట్లో ఉండొచ్చు. మూడింట్లో ఏదో తేలకుండా ముల్లునే ఎందుకు శిక్షించాలి?"

తిరుమల్ బుర్ర గోక్కున్నాడు. గోక్కోవడం అయ్యాక నవ్వి, "కరెక్టే మేడం, ఆదివారం గదా, జెర తొందరపడ్డ" అన్నాడు. అతన్లో నాకు నచ్చిన గుణం అదే. ఇక ఇద్దరూ కలిసి పనిలో పడ్డారు. ముందుగా అక్క మా ఆయన నోట్లోంచి సిగరెట్టు తీయించి గేటు అవతలికి పంపింది. కారు తలుపులన్నీ తెరిపించింది. తిరుమల్ వెనక సీటు ఎత్తాడు. దాని కింద ట్యాంకులోకి వెళ్లే తీగల ప్లగ్గు ఉంది.

"ఇది పీకితే ముల్లుకు కబురు అందదు. అప్పుడది కింద పడాలి" అంది అక్క.

పీకాడు. ముందు సీట్లో కూర్చుని ముల్లు చూసే ఉద్యోగం నాది. ఈసారి ఏ ముల్లో వేలుపెట్టి చూపించి మరీ కూర్చోబెట్టారు. "పడ్డది! కిందికి పడ్డది!" అన్నాను.

"ఇప్పుడు ఆ రెండు తీగలూ ఒకదానికొకటి కలుపు."

"ఎక్కింది! మొత్తం నిండిందక్కా!"

పెట్రోలు పోయకుండానే ట్యాంకు నిండిపోయింది. మా ఆయన గేటు అవతలి నుంచే చప్పట్లు కొట్టాడు. ముల్లు మంచిదే, తీగా మంచిదే. పడమంటే పడింది, లేవమంటే లేచింది. ఇక మిగిలింది ట్యాంకులో ఉన్నది. శాంతికుమార్ ఫోను జేబులో పెట్టేసి, చొక్కా చేతులు మడిచి దగ్గరకొచ్చి వంగాడు. అతను ఫోను జేబులో పెట్టడం నేను అదే మొదటిసారి చూడడం.

తిరుమల్ తాళం తీయించి, బ్యాటరీ తీగ ఊడదీసి, ట్యాంకు మూత విప్పాడు. లోపలున్న సరంజామాను జాగ్రత్తగా బయటికి తీసి పాత గుడ్డ మీద పెట్టాడు. చూస్తే అదేమంత గొప్ప వస్తువు కాదు. పెట్రోలు మీద తేలే చిన్న ప్లాస్టిక్ డబ్బీ, దానికి సన్నటి చువ్వ. పెట్రోలు తగ్గితే డబ్బీ దిగుతుంది, చువ్వ వంగుతుంది, ముల్లుకు కబురు పోతుంది. శాంతికుమార్ టార్చి వేసి ట్యాంకులోకి తొంగిచూశాడు. అడుగున అతను పోసిన కాస్త పెట్రోలు తప్ప ఏమీ లేదు.

"అక్కా, ఇందాక ముల్లు సగం చూపించింది" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు.

తిరుమల్ తన కరెంటు మీటరు తగిలించి, చువ్వను పైనుంచి మెల్లగా కిందికి దించాడు. అంకెలు చకచకా మారాయి. సగం దాకా వచ్చింది. అక్కడ చువ్వ ఆగింది. వేలితో నొక్కాడు. కదల్లేదు. అంకె కూడా మారలేదు. కీలు దగ్గర పై సగం నున్నగా మెరుస్తోంది, కింది సగం మీద నల్లటి జిగురు అట్టకట్టి ఉంది.

"మేడం, ఈ బండి ఎన్నడన్న సగం కిందికి దిగిందా?" అన్నాడు తిరుమల్.

అక్క తల అడ్డంగా ఊపింది. కొన్నప్పటినుంచీ సగం కిందికి ఆమె ఎన్నడూ దిగనివ్వలేదు. నడవని దారికి జిగురు పట్టింది. మొదటిసారి ఆ దారిలోకి వెళ్లాల్సి వచ్చేసరికి చువ్వ అక్కడే మొరాయించింది. ఆమె ముందుజాగ్రత్తే ఆమె మీద నేరం మోపింది. నాన్నగారి సూత్రం, తన షరతు, మా ఆయన నిజాయితీ, సైలస్ భక్తి, అన్నీ మంచివే. అన్నీ కలిసి ఒక మంచి మనిషికి మతి పోయిందనిపించాయి.

ఉన్నట్టుండి అక్క, "మాధురి!" అని గట్టిగా అరిచింది.

తిరుమల్ చేతిలో చువ్వ జారిపోయింది. శాంతికుమార్ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం అర్థమైంది. "అనుపమ తర్వాత మాధురి! రెండు జడలు, మూడో బెంచీ" అంటూ అక్క వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది. నాకు కోపం వచ్చినంత త్వరగా ఏడుపు రాదు. ఆ రోజు వచ్చింది. శాంతికుమార్ పెట్రోలు చేతులతోనే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. "అమ్మ సంగతి గుర్తొచ్చి భయపడ్డానక్కా" అన్నాడు. "నేనూ అంతే రా" అంది ఆమె. అతను తాళంచెవి ఆమె ఒళ్లో పెట్టాడు.

తిరుమల్ పాతది పారేసి కొత్తది బిగించాడు. మా ఆయనా సైలస్ పోటీపడి ట్యాంకు నింపించారు. ఆ మరుసటి శుక్రవారం సైలస్ మళ్లీ లేచి, సాక్ష్యం వెనక్కి తీసుకోవాలా వద్దా అని అడిగితే, "ఉంచు బాబూ, నువ్వు నోరు తెరవడమే దేవుడు చేసిన కార్యం" అంది అక్క.

ఇక డాక్టరు పరీక్ష ఎందుకులే అన్నాడు శాంతికుమార్. అక్క ఒప్పుకోలేదు. "ముల్లు పాడైందని తేలింది. నా సంగతి తేలలేదుగా. వెళ్దాం. నేనే నడుపుకుంటూ వెళ్తాను" అంది. పక్క సీట్లో నేను.

డాక్టరమ్మ చాలా చిన్న పిల్ల. మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడుగుతానంది: గొడుగు, జామకాయ, రైలు. తర్వాత గడియారం బొమ్మ గీయించింది, వంద నుంచి వెనక్కి లెక్క చెప్పించింది. ఆ పిల్ల అడిగినప్పుడు అక్క మూడూ వరుసగా చెప్పింది. నాకు జామకాయ ఒక్కటే గుర్తుంది. "మీకేం లేదు ఆంటీ, ఏడాదికోసారి వచ్చి కనబడండి చాలు" అంది డాక్టరమ్మ. అక్క లేవలేదు. "ఒకవేళ ఎప్పుడైనా మొదలైతే నాకు తెలుస్తుందా?" అని అడిగింది.

డాక్టరమ్మ కాస్త తడబడింది. "చాలామందికి తెలీదు ఆంటీ. పక్కనున్నవాళ్లే ముందు గమనిస్తారు."

బయటికొచ్చి కారెక్కాం. అక్క ప్రార్థన చేసుకుంది. కళ్లు తెరిచాక తాళం తిప్పలేదు.

"సుకన్యా, ఆ ముల్లుకి తను ఆగిపోయానని తెలీదు కదా. సగం ఉందనే చెప్పింది పాపం. అమ్మ కూడా అంతే. అబద్ధం ఆడలేదు. నాకూ అలా అయితే నువ్వు చెప్పాలి. మొహమాటపడి, బాధపడతానేమోనని దాచకు. శాంతి చెప్పలేడు. నువ్వే చెప్పాలి."

నేను ఎవరికి మొహమాటపడ్డానని! మా అత్తగారికే పడలేదు. కానీ ఆ మాట ఇవ్వడం అంత తేలిక కాదని ఆ క్షణంలో తెలిసింది. ప్రేమమణి గారు గుర్తొచ్చారు. వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడ్డ అక్క గుర్తొచ్చింది. ఆ గోడ దగ్గర ఒకరోజు నేను నిలబడాల్సి వస్తుందేమో.

"చెప్తా అక్కా" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

అక్క కళ్లు తుడుచుకుని తాళం తిప్పింది. "బెల్టు. అద్దం. గేరు" అని కాలు నొక్కింది. ఇంజను గర్జించింది, కారు ముక్కు పైకి లేచింది గానీ కదల్లేదు. ఆమె ఇంకాస్త నొక్కింది. నేను ఒక్క క్షణం చూశాను. ఏడ్చిన మనిషి కదా, ఎవరైనా మరిచిపోతారు, తనకే గుర్తొస్తుందిలే అనుకుని ఊరుకోబోయాను. ఇచ్చిన ఒట్టు ఇంకా చల్లారలేదు.

"హ్యాండ్‌బ్రేక్ అక్కా" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. "థాంక్యూ సుకన్యా" అని, హ్యాండ్‌బ్రేక్ దించి, బండిని రోడ్డు మీదికి పోనిచ్చింది.